తొంభై రెండు రోజుల బాత్రూము: ఇంటి మరమ్మతుల కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాదులో పాత ఫ్లాట్ల బాత్రూములు పగలగొట్టి కొత్తగా కట్టే పనులు ఒప్పుకునే కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు, ప్లంబర్లకు, టైల్స్ పనివారికి,

నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. హాజరు పట్టీ రాయడం చేతికి అలవాటు. అందుకే 2025 ఫిబ్రవరి 3, సోమవారం మా ఇంట్లో మొదటి సమ్మెట దెబ్బ పడిన పూటే ఒక నోటుపుస్తకం తీశాను. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏం చేశారు, ఎన్నింటికి వెళ్ళారు, అన్నీ రాశాను. మే 5న ఆ పుస్తకం మూశాను. మొత్తం తొంభై రెండు రోజులు. మాకు చెప్పిన గడువు ఇరవై ఒక్క రోజు.

ఈ ఉత్తరం మీలో ఏ ఒక్కరి మీదా ఫిర్యాదు కాదు. మా పని చేసిన ఆయన పేరు రాయను, ఆయన దుర్మార్గుడు కాడు కూడా. ఆయన గురించి చెప్పుకుందామని ఎక్కడ నోరు విప్పినా అవతలివారు నన్ను పూర్తి చెయ్యనివ్వకుండా తమ కథ మొదలుపెడుతున్నారు. మలక్‌పేటలో మా చెల్లెలిది, కూకట్‌పల్లిలో మా వియ్యపురాలిది, అన్నీ ఇదే కథ. గడువులు వేరు, టైల్స్ రంగులు వేరు. కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మాది 1998లో కట్టిన అయిదంతస్తుల భవనం. మేముండేది మూడో అంతస్తులో. రెండు బాత్రూములు. మా అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు. ఇండియన్ టాయిలెట్ మీద కూర్చుని లేవలేరు, నున్నబడిపోయిన పాత టైల్స్ మీద రెండుసార్లు జారారు. పని తలపెట్టడానికి అది ఒక కారణం. రెండోది, మా కింది ఇంటివారి బాత్రూము కప్పు రెండేళ్ళుగా చెమరుస్తోంది, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఆవిడ ఒక్కసారీ గొడవ పడలేదు. నెలకోసారి మెట్లెక్కి వచ్చి, "అక్కయ్యగారూ, మీ గంగమ్మ మా ఇంట్లో దిగుతోంది" అని చెప్పి వెళ్ళేది. గొడవ పడినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

మీవాడు వచ్చి రెండు గదులూ చూశాడు, గోడ మీద వేలితో టకటకా కొట్టి విన్నాడు, మా టీపాయ్ మీదున్న పెళ్ళికార్డు వెనక లెక్క వేశాడు. మూడు లక్షల నలభై వేలు, ఇరవై ఒక్క రోజు. "రెండూ ఒకేసారి పగలగొడితే కూలి కలిసొస్తుందమ్మా, మళ్ళీ మళ్ళీ దుమ్ము ఎందుకు, శివరాత్రికి కొత్త గదిలో తలస్నానం చేస్తారు" అన్నాడు. నేను లెక్కల టీచరును, ఆయన కూడిక తప్పుందేమోనని చూశాను, సరిగానే ఉంది. నలుగురున్న ఇంట్లో ఉన్న రెండు బాత్రూములూ ఒకేసారి లేకుండా చేసుకోవడం ఎంత తెలివితక్కువ పనో మాత్రం తట్టలేదు. ఈ మొదటి తప్పు నాది. రాసుకోండి.

పగలగొట్టడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ పనిలో మీవాళ్ళ హుషారు చూడాలి. రెండో రోజు మధ్యాహ్నానికి టైల్స్, గచ్చు, కమోడ్, వాష్‌బేసిను అన్నీ ముక్కలై సిమెంటు సంచుల్లోకి వెళ్ళిపోయాయి. మీరు సంకెన్ స్లాబు అంటారే, బాత్రూము వరకు అడుగు లోతు దించి పోసిన ఆ స్లాబును నేను జీవితంలో మొదటిసారి చూశాను. ఇరవై ఏడేళ్ళ కిందట అందులో ఇటుక ముక్కలు నింపి పైన గచ్చు చేశారట. ఆ ఇటుకలన్నీ ఊరిన బిస్కెట్లలా ఉన్నాయి. మధ్యలోంచి పోయే ఇనప పైపు తుప్పు పట్టి, చేత్తో పట్టుకుంటే పెళుసుగా విరిగింది. మా గంగమ్మ దారి అదన్నమాట. పెద్ద మేస్త్రి ఆ ముక్క నా చేతిలో పెట్టి, "ఇంక మీకు వందేళ్ళు భయం లేదమ్మా, అంతా ప్లాస్టిక్ పైపులే" అన్నాడు. ఆ మాట చెప్పి వెళ్ళినవాళ్ళు మళ్ళీ తొమ్మిదో రోజున కనిపించారు.

ఆ తొమ్మిది రోజుల్లో ఇల్లు ఎలా నడిచిందో మీకు తెలియాలి. మీరు ఉదయం పదింటికి వచ్చి సాయంత్రం అయిదింటికి వెళ్ళిపోతారు కనుక, బాత్రూము లేని ఇల్లు తెల్లవారుజామున ఎలా ఉంటుందో మీరెప్పుడూ చూసి ఉండరు. ఏ కప్పు మీదైతే మా నీళ్ళు కారాయో ఆ కింది ఇంటావిడే తన బాత్రూము మాకు ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఇచ్చింది. మిగతా వేళల్లో గ్రౌండ్ ఫ్లోరులో వాచ్‌మన్ కుటుంబం వాడుకునే గదే దిక్కు. మా అత్తగారికి రాత్రిపూట కోసం మందుల షాపులో అమ్మే కుర్చీ కమోడ్ కొన్నాం. ఆవిడ దాని మీద కూర్చోవడానికి వారం రోజులు ఏడ్చారు. పగలు మాత్రం వాకరు పట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని లిఫ్టులో కిందికి బయలుదేరేవారు. ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు ఆగింది. మెట్ల మీద పది నిమిషాలు నిలబడి, "చిన్నప్పుడు చెంబు పట్టుకుని పోయిన చెరువుగట్టు ఇంతకంటే దగ్గరేనే" అన్నారు.

ఇక్కడ మీకు సంబంధం లేని మాట ఒకటి చెప్పాలి. ఆ వాచ్‌మన్ బాత్రూములోకి ఇరవై రెండేళ్ళుగా ఈ భవనంలో ఉంటున్న నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. నాలుగడుగుల గది. లోపల గడియ లేదు, తలుపు తెరుచుకోకుండా బకెట్ అడ్డం పెట్టుకోవాలి. బల్బు లేదు. నలుగురున్న ఆ కుటుంబం ఇన్నేళ్ళూ అలాగే వాడుకుంటోంది, మేము నెలనెలా మీటింగు పెట్టుకుని లిఫ్టులో అద్దం గురించి మాట్లాడుకుంటున్నాం. మా బాత్రూము పని ఆలస్యం కాకపోతే నాకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. గడియ, బల్బు అదే వారంలో పెట్టించాం. వాటికి పట్టింది గంటన్నర.

మళ్ళీ మీ సంగతికి వస్తాను. తొమ్మిది రోజుల తర్వాత ప్లంబర్ వచ్చాడు, మూడు రోజుల్లో గోడలు కోసి పైపులు వేశాడు, చక్కగా చేశాడు. మళ్ళీ ఎవరూ లేరు. ఇరవై ఒకటో రోజు, ఫిబ్రవరి 23న, పని పూర్తి కావాల్సిన నాడు మా బాత్రూములు ఎలా ఉన్నాయంటే, పేగులు బయటపడ్డ గోడలు, అడుగు లోతు గొయ్యి. శివరాత్రి తలస్నానం కింది ఇంట్లో చేశాం.

ఇక ఫోన్లు. వెనకటికి మన ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు, గుర్తుందా? రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు కొడుతుందట, ఆ రాత చదివి సరే రేపు వద్దామని వెళ్ళిపోతుందట, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందట. చిన్నప్పుడు ఆ దయ్యం ఎంత వెర్రిదో అని నవ్వుకునేవాళ్ళం. ఫిబ్రవరి, మార్చి నెలలు నేనే ఆ దయ్యాన్ని. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఫోను చేసేదాన్ని, రేపు అని వినేదాన్ని, సరేనని పెట్టేసేదాన్ని. కొన్నాళ్ళకు మీ భాష కొంత పట్టుబడింది. "దారిలో ఉన్నారమ్మా" అంటే ఇంకా లేవలేదని. "పొద్దున్నే వచ్చేస్తారు" అంటే మధ్యాహ్నం. "సామాను దించాలి" అంటే కొనలేదని. "మీ పనే ముందు" అంటే ఆ మాట ఇంకో నలుగురికి అప్పుడే చెప్పి వచ్చారని. ఒక్కసారైనా ముందురోజు సాయంత్రం ఫోను చేసి, "రేపు ఎవరూ రారమ్మా, వేరేచోట పని ఉంది" అని ఉంటే దండం పెట్టేదాన్ని. రారని తెలిస్తే మా ఆయన ఫిజియోథెరపీకి వెళ్ళేవారు, నేను బ్యాంకుకు వెళ్ళేదాన్ని. వస్తారని చెప్పడం వల్ల ఇద్దరం ఇంట్లోనే కట్టుబడి, రాని మనిషి కోసం టీ డికాషను కూడా వేసి పెట్టుకుని కూర్చున్నాం.

మార్చి మొదటి వారంలో గోడలకు ప్లాస్టరింగు అయింది. పదో తేదీ సాయంత్రం పనివాళ్ళు హోలీకి ఉత్తరప్రదేశ్ వెళ్ళారు. సంక్రాంతికి మనవాళ్ళు రైళ్ళెక్కరా? వెళ్ళనివ్వండి. పండుగ ఎప్పుడు వస్తుందో పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది, పెళ్ళికార్డు వెనక లెక్కలో మాత్రం లేదు, నా కోపమంతా అక్కడే. పదమూడు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ పదమూడు రోజులూ నేను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోడలు తడిపాను. మా ఆయన నన్ను చూసి, "పైరు వేశావా" అనేవారు.

నేను సైన్సు టీచరును కాను గానీ స్టాఫ్ రూములో సైన్సు టీచరు పక్కనే ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. మార్చి ఎండకు పైన తెల్లగా ఆరిపోయినట్టు కనిపించే గోడ నిజానికి ఆకలితో ఉన్న గోడ. కాంక్రీటుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటు అయితే కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద లాంటివి కలిసిన సిమెంటు అయితే కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదని చెబుతోంది. మా ఇంటికి వచ్చిన సంచులన్నీ ఫ్లై యాష్ కలిసినవే, సంచి మీదే రాసి ఉంది. గోడ ప్లాస్టరింగు కాంక్రీటంత బరువు మొయ్యకపోయినా దాహం మాత్రం దానికీ ఉంటుంది. మీ పెద్ద మేస్త్రి అసలు ఆలోచన, ప్లాస్టరింగు అయిన మూడో రోజున టైల్స్ మొదలుపెట్టేయడం. హోలీ వచ్చి మా గోడను కాపాడింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నా గొడవ ఆలస్యం మీద కాదని మీరు గ్రహించాలి. ఆగాల్సిన చోట మీరు ఆగరు. ఆగకూడని చోట వారాల తరబడి ఆగుతారు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే నెలలో చేస్తారు.

దీనికి రుజువు ఉగాది ముందు దొరికింది. మార్చి 24న అందరూ తిరిగి వచ్చారు. గొయ్యి పూడ్చి, గచ్చు చేసి, పైన వాటర్‌ప్రూఫింగ్ రసాయనం రెండు పూతలు వేశారు. 27న ఉదయం టైల్స్ మేస్త్రి సరంజామాతో దిగాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నీళ్ళు నిలిపి చూడకుండా టైలు వెయ్యనివ్వనన్నాను. నేలలో నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్ మూతి బిగించి, రెండంగుళాల మేర నీళ్ళు పోసి, కనీసం ఒక పగలూ రాత్రీ, వీలైతే రెండు రోజులు కదపకుండా వదిలి, కింది ఇంటి కప్పు చూడాలి. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు, ఆ రసాయనం డబ్బా మీద మీరు చదవకుండా పక్కన పెట్టిన కాగితంలో ఉన్నదే. మీవాడు ఎంతో బాధపడ్డాడు. "ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాం అమ్మా, ఎవరూ ఇలా అడగలేదు. ఎండ బాగుంది, ఒక్క పూటలో ఆరిపోయింది. ఈ రోజు మేస్త్రిని ఖాళీగా పంపిస్తే మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో చెప్పలేను" అన్నాడు. యాభై రోజుల్లో ముప్పై రోజులు గాలికి పోతే చలించని మనిషికి, రెండు రోజులు నీళ్ళు నిలపమంటే కాలం విలువ గుర్తొచ్చింది.

నీళ్ళు నిలిపాం. వాళ్ళు అలిగి వెళ్ళిపోయారు. 29వ తేదీ ఉదయం కింది ఇంటావిడ పైకి వచ్చింది. ఈసారి నవ్వలేదు. "అక్కయ్యగారూ, రండి" అంది. కొత్త ప్లాస్టిక్ పైపు, కొత్త గచ్చు, రెండు పూతల రసాయనం, అన్నీ దాటుకుని ట్రాప్ పక్కనున్న అతుకు దగ్గర చుక్క కారుతోంది. నిమిషానికి నాలుగు. వాచీ పెట్టి లెక్కపెట్టాను. ఆ రోజు నేను గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని ఉంటే ఆ చుక్క మీద టైల్స్ వచ్చేవి, టైల్స్ సందులు పూడ్చే గ్రౌటింగు వచ్చేది, మీ ఆఖరి బిల్లు వచ్చేది, ఏడాది తర్వాత మళ్ళీ సమ్మెట వచ్చేది.

మర్నాడే ఉగాది. తెల్లవారకముందే నువ్వుల నూనె గిన్నె, సున్నిపిండి పొట్లం, నాలుగు తువ్వాళ్ళు పట్టుకుని నలుగురం వరుసగా కింది ఇంటికి వెళ్ళాం. మా నీళ్ళు కారుతున్న కప్పు కిందే మేము తలంటుకున్నాం. ఉగాది పచ్చడి ఆవిడే చేసి పెట్టింది. ఆ ఏడాది చేదు ముందుగానే తినేసి ఉన్నాం కాబట్టి వేపపువ్వు పెద్దగా తెలియలేదు.

అలిగినవాళ్ళు ఏప్రిల్ 8న వచ్చారు. ఆ రోజు పెద్ద మేస్త్రి భార్యతో సహా వచ్చాడు. ఆవిడ మాలు కలుపుతుంది. పాలమూరు వైపు పల్లె వాళ్ళది. మధ్యాహ్నం వాళ్ళు సద్ది విప్పుకున్నప్పుడు నేను పచ్చడి పట్టుకెళ్ళి పక్కన కూర్చుని, కోపంగా కాదు, మామూలుగానే అడిగాను, ఎందుకయ్యా ఇన్ని రోజులు రాలేదని. ఆయన కాసేపు అన్నం కలుపుతూ ఊరుకుని, "మాకు మూడు వారాల కూలి బాకీ ఉందమ్మా. ఇక్కడికి వస్తే రేపిస్తా అంటడు. అవతల సైటుకు పోతే సాయంత్రానికి చేతిలో పెడతరు" అన్నాడు.

ఆ రేపు నాకు బాగా తెలిసిన రేపే.

అప్పుడు నాకు మీ లెక్క మొత్తం అర్థమైంది. ఇరవయ్యో రోజుకే నేను రెండు లక్షల డెబ్భై వేలు ఇచ్చేశాను. అప్పటికి మా ఇంట్లో జరిగిన పని అందులో సగం కూడా లేదు. ఆ డబ్బు ఎక్కడో ఇంకో ఇంటి గోడకు టైల్స్ అయింది. ఆ ఇంటివాళ్ళు ఇచ్చింది అంతకుముందు ఇంటి బాకీకి పోయింది. నా బాత్రూము పూర్తి కావాలంటే మీకు కొత్త ఇల్లు ఒకటి దొరకాలి, ఆ ఇంటావిడ పెళ్ళికార్డు వెనక లెక్క చూసి తల ఊపాలి. ఈ గొలుసులో ఎక్కడ ఒక లింకు తెగినా ఎండేది మేస్త్రి కడుపు, ఆ తర్వాత మా గోడ. మీరు సిమెంటు దొరకలేదన్నారు, ఇసుక లారీ రాలేదన్నారు, అమావాస్య అన్నారు. అమావాస్య ఒక్కటే నిజం.

మీ వైపు మాట కూడా నాకు తెలుసు. పని అంతా అయ్యాక చివరి పదివేలు ఎగ్గొట్టే ఇళ్ళవాళ్ళు ఉంటారు, మరక ఉందని, గీత వంకరగా ఉందని నెలల తరబడి తిప్పించుకునేవాళ్ళు ఉంటారు. అందుకే ముందే లాగేసుకుంటారు. మా వైపు తప్పులూ రాస్తాను, నోటుపుస్తకంలో అవీ ఉన్నాయి. ప్లాస్టరింగు అయ్యాక మా ఆయన గీజరు పాయింటు ఇటు కాదు అటు అన్నారు. ఒక రోజు పోయింది. కమోడ్ నేనే షాపులో నచ్చి కొన్నాను, ప్లంబర్‌ను అడగలేదు. గోడ నుంచి కింది పైపు మధ్యకు ఎంత దూరం ఉండాలో కమోడ్‌ను బట్టి మారుతుందని నాకు తెలియదు. ఆయన 9 అంగుళాలకు పైపు వదిలాడు, నేను కొన్నది 12 అంగుళాలది. అది వెనక్కి జరగదు, గోడ అడ్డం. పైగా ఆ కొలత తీయాల్సింది ఇటుక గోడ నుంచి కాదు, ప్లాస్టరింగు మీద టైలు అంటించాక మిగిలే గోడ నుంచి. షాపువాళ్ళు మార్చి ఇవ్వడానికి ఎనిమిది రోజులు. ఏం కమోడ్ కొంటున్నారమ్మా అని ఆయన అడగలేదు, ఎంత దూరం వదులుతున్నావయ్యా అని నేను అడగలేదు. సగం సగం.

టైల్స్ విషయంలో మాత్రం తప్పు పూర్తిగా మీదే. సరిగ్గా లెక్కకట్టి, ఒక్కటి కూడా ఎక్కువ లేకుండా తెప్పించారు. మూలల్లో కోత పోతుంది, చేతిలో పగులుతాయి, ఇది మీకు తెలియదా? రెండు పెట్టెలు తక్కువ పడ్డాయి. మన దేశంలో టైల్స్ ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తాయి. అక్కడ ఒక బట్టీ విడతకూ ఇంకో విడతకూ రంగు వెంట్రుకవాసి మారుతుంది, అందుకే పెట్టె మీద షేడ్ నంబరు వేస్తారు. మన పెట్టెల మీద ఉన్న నంబరు షాపులో అయిపోయింది. ఆరు రోజులు ఊరంతా గాలించి, చివరికి తేడా రంగువి తెచ్చి తలుపు వెనక గోడకు అంటించారు. తలుపు మూస్తే కనిపిస్తుంది. బాత్రూములో తలుపు మూసుకునే కూర్చుంటామన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

పగలగొట్టిన ముక్కల సంచులు నలభై రోజులు పార్కింగులో ఉండిపోయాయి. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఇలాంటి శిథిలాలను పొడి చేసి మళ్ళీ వాడే కేంద్రాలున్నాయి, అక్కడికి పంపండి అంటే, ఆటో వస్తుంది అన్నారు. ఒక రాత్రి సంచులు మాయమయ్యాయి. ఎక్కడ పోశారో అడిగితే చెప్పలేదు. దీని గురించి ఇంతకంటే రాయను, నాకు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు హాజరు పట్టీ. తొంభై రెండు రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి పని చేసిన రోజులు 34. తడికీ, ఆరడానికీ, నీళ్ళు నిలిపి చూడడానికీ తప్పనిసరిగా ఆగినవి 9. హోలీ 13. సామాను కోసం ఆగినవి, టైల్స్ ఆరు, కమోడ్ ఎనిమిది, కలిపి 14. మిగిలిన 22 రోజులకు ఏ కారణమూ లేదు, కూలి బాకీ తప్ప. తప్పులు దిద్దుకున్న రోజులు, మళ్ళీ చేసిన పని, అన్నీ ఆ 34లోనే ఉన్నాయి. అంటే నిజాయితీగా చెప్పి ఉంటే ఇది నలభై మూడు రోజుల పని. మొదటి రోజే నలభై మూడు అని ఉంటే నేను వేరే కాంట్రాక్టర్ దగ్గరికి పోయేదాన్నని మీరంటారు. పోయేదాన్నే, నిజం. ఎందుకంటే అతను పద్దెనిమిది అనేవాడు. ఒకరి అబద్ధం చూసి ఇంకొకరు ఇంకాస్త పెద్ద అబద్ధం చెప్పుకుంటూ పోతే ఆఖరికి నిజం చెప్పేవాడికి పని దొరకదు. మీ సంఘాల మీటింగుల్లో మాట్లాడుకోవాల్సింది ఇది. ఒక్కరు మారితే ఆ ఒక్కరే నష్టపోతారు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మా అబ్బాయి వినియోగదారుల కమిషన్‌కు వెళదామన్నాడు. 2019 చట్టం ప్రకారం ఇలాంటి పని కూడా సేవే, అందులో లోపం ఉంటే అడగవచ్చు, అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే దారి చెబుతారు. నేను వద్దన్నాను. నా చేతిలో పెళ్ళికార్డు తప్ప కాగితం లేదు. ఫోనులో పంపిన డబ్బు రసీదులు, మీవాడి 'రేపు' సందేశాలు డెబ్భై దాకా ఉన్నాయి, అవి చాలునేమో. కానీ సగం పైపులు బయట ఉన్న గోడతో కేసు వేస్తే తీర్పు వచ్చేదాకా మా అత్తగారు లిఫ్టులో తిరగాలి. మీ అందరికీ ఈ సంగతి తెలుసు. పగలగొట్టిన ఇల్లు మీ చేతిలో తాకట్టు. అందుకే పగలగొట్టడంలో అంత హుషారు. ఇది కఠినంగా ఉంటే క్షమించండి, కొట్టెయ్యను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. సమ్మెట ఎత్తకముందు ఒక్క కాగితం. పగలగొట్టడం, పైపులు, పూడిక, పూత, నీళ్ళ పరీక్ష, టైల్స్, బిగింపులు, ఇలా ఏ పని ఏ తేదీకో, ఆ తేదీకి నేనెంత ఇవ్వాలో, మీ చేతిరాతలో. అందులో గోడ తడిసే రోజులను, నీళ్ళు నిలిపే రోజులను సిగ్గుపడకుండా రాయండి. అవి ఖాళీ రోజులు కావు, ఆ రోజుల్లో సిమెంటు పని చేస్తుంది. ఒక ఇంట్లో రెండు బాత్రూములుంటే, ఇంటావిడ అడిగినా సరే, రెండూ ఒకేసారి పగలగొట్టకండి. కొనబోయే కమోడ్ కాగితం చూశాకే పైపు వదలండి. నేనిచ్చే డబ్బులో మొదట తీయాల్సింది నా ఇంట్లో ఆ వారం పనిచేసినవాళ్ళ కూలి. మేస్త్రికి శనివారం కూలి అందిందో లేదో కాంట్రాక్టర్‌ను అడిగే హక్కు ఇంటావిడకు ఉందని కూడా ఆ కాగితంలో రాయండి. ఇది మాత్రం మీరు ఒప్పుకోరని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. రేపు రాకపోతే రామని ఈ రోజే చెప్పండి. చివరి అయిదు శాతం, ఇల్లు రెండు నెలలు వాడుకున్నాక, కింది ఇంటి కప్పు చూసి ఇస్తాం. మేం ఎగ్గొడతామని భయముంటే ఆ డబ్బు మా అపార్ట్‌మెంటు సంఘం దగ్గర ఉంచుతాం.

మే 5 సాయంత్రం ఆఖరి కుళాయి బిగించారు. మా అత్తగారు ఆ రాత్రే స్నానం చేస్తానన్నారు, రాత్రి వద్దన్నా వినలేదు. గోడకు బిగించిన పట్టుకునే కడ్డీని రెండు చేతులతో ఊపి చూసి, లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకున్నారు. నలభై నిమిషాలు రాలేదు. తలుపు కొట్టబోయాను, మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

ఈ ఉత్తరం జులైలో రాస్తున్నాను. నిన్న కింది ఇంటికి వెళ్ళి, స్టూలెక్కి ఆ కప్పును అరచేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది. ఆవిడ వచ్చే వారం సున్నం వేయించుకుంటానంది. మీలో ఒకరికి నేను ఇంకా ఇరవై వేలు ఇవ్వాలి. కవరులో పెట్టి ఉంచాను. ఏ రోజైనా సాయంత్రం ఆరు దాటాక ఇంట్లోనే ఉంటాను, ముందు ఫోను చెయ్యక్కరలేదు. వచ్చేటప్పుడు పెద్ద మేస్త్రినీ, ఆయన భార్యనూ వెంటబెట్టుకు రండి. వాళ్ళ మూడు వారాల కూలి ఎంతో ఆయన్ని అడిగి రాసుకున్నాను. అది విడిగా ఇంకో కవరులో పెట్టి, ఆవిడ చేతికిస్తాను. మిగిలింది మీది.

ఇట్లు,
మూడో అంతస్తు నుంచి,
ఒక రిటైరైన లెక్కల టీచరు